రెండుసార్లు చెప్పే మనిషి

కొందరిని మొహం చూసి గుర్తుపడతాం, కొందరిని నడక చూసి. బస్టాండు మైకులో బస్సుల కబుర్లు చెప్పే మైకాయనను చూసి గుర్తుపట్టేవాళ్ళు ఊరు మొత్తం గాలించినా పదిమంది దొరకరు. బజారులో సంచి పట్టుకుని నిలబడితే, తప్పుకోవయ్యా అని భుజంతో నెట్టుకుంటూ పోయేవాళ్ళు. అదే ఆయన నోరు తెరిచి "ఉల్లిపాయలు ఎంత?" అన్నాడో, బేరాలాడేవాళ్ళంతా బేరాలు ఆపేసి తలలు తిప్పేవాళ్ళు. "అరె, బస్టాండు గొంతు" అనేవాళ్ళు. మనిషి వానపాములా సన్నం, గొంతు మాత్రం గుడిగంటంత. అంత గొంతు ఇంత పీక లోంచి ఎలా వస్తుందా అని చూసినవాళ్ళు చూసినట్టే ఉండిపోయేవాళ్ళు. ఆయనకు ఆ చూపులు గిట్టవు. అందుకని బజారులో వేలితో చూపించి కొనడం అలవాటు చేసుకున్నాడు.

బస్టాండులో విచారణ కౌంటరు మీద, ఇనప మెట్లెక్కితే, ఒక గది. అందులో బల్ల, కుర్చీ, మైకు, కిర్రుమనే ఫ్యాను, కిందినుంచి కబురు వచ్చే ఫోను. కిటికీ అద్దాలకు ఎండ పడకుండా ఎప్పుడో ఎవరో తెల్లరంగు పూసేశారు. దాంతో పైనున్నవాడికి కిందివాళ్ళు కనపడరు, కిందివాళ్ళకు పైనున్నవాడు కనపడడు. ఫలానా బస్సు వచ్చిందని ఫోనులో చెప్తారు, ఆయన మీట నొక్కి మైకులో చెప్తాడు. ఏ సంగతైనా రెండుసార్లు. "మొదటిసారి చెవికి, రెండోసారి బుర్రకి" అని ఆ పని నేర్పిన పెద్దాయన చెప్పాడట. రెండోసారి చెప్పగానే మీట వదిలేయాలి. జవాబు కోసం ఆగే పని లేదు. లౌడ్ స్పీకరుకు ఎవరు జవాబిస్తారు?

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. లోకువ కట్టడానికైనా వినేవాడు కళ్ళబడాలిగా. ఈయనకు ఆ భాగ్యమూ లేదు.

ఇంటికొస్తే పలకడు. గొంతు రేపటికి దాచుకోవాలని గోరువెచ్చని నీళ్ళు తాగి కూర్చునేవాడు. భార్య ఉన్నన్నాళ్ళూ అది లోటుగా తోచలేదు. ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. ప్రశ్న ఆమే వేసి, జవాబు ఆమే చెప్పి, "అంతేనా కాదా?" అని మొగుడి మొహం చూసేది. ఆయన తల ఊపేవాడు. కింది వాటా పిన్నిగారితో ఒకసారి, "మా ఆయన మాటలన్నీ బస్టాండులోనే అమ్ముడైపోతాయి పిన్నీ. ఇంటికి ఖాళీ గోతాం వస్తుంది" అంది. పిన్నిగారు పడీపడీ నవ్వింది. ఆయనా నవ్వాడు, చప్పుడు లేకుండా.

పాప ఒకటో తరగతిలో ఉండగా ఆమె ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. దాంతో ఇంట్లో మాట పోయింది. పాపకు అమ్మ వాగుడు వచ్చింది కానీ, ఎదురుగా ఊకొట్టేవాళ్ళు లేకపోతే కథ ఎంతసేపు సాగుతుంది? అదీ మెల్లగా తగ్గించేసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళు. గిన్నెల చప్పుడే సంభాషణ.

తాగుడు ఎప్పుడు మొదలైందంటే ఆయనే చెప్పలేడు. నిద్ర పట్టడం లేదని మొదలైంది, నిద్ర లేవడానికి కావాల్సివచ్చింది. ఆ తర్వాత బల్ల సొరుగులోకి, గొంతు టానిక్కు సీసాలోకి చేరింది. టానిక్కు ఎర్రగా ఉంటుంది, అదీ ఎర్రగా ఉంటుంది. గొంతు మనిషి గొంతు టానిక్కు తాగితే ఎవరు అనుమానిస్తారు? ఎవరికీ తెలియదనే అనుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

బడి వదలగానే పాప బస్టాండుకు వచ్చేది. విచారణ కౌంటరు పక్కన, లౌడ్ స్పీకరు కింద ఒక బెంచీ ఉంది. అక్కడ కూర్చుని లెక్కలు చేసుకునేది. నాన్న పని అయ్యాక దిగివచ్చి భుజం మీద తడితే లేచి వెంట నడిచేది. మాట అక్కర్లేదు. అలా చాలా కాలం సజావుగానే నడిచింది.

ఆ సాయంత్రం నాన్న దిగిరాలేదు.

లెక్కలయ్యాయి. బొమ్మలు గీయడమూ అయింది. బస్టాండులో దీపాలు వెలిగాయి. ఆఫీసులనుంచి ఇళ్ళకు పోయే జనం పలచబడ్డారు. పాప కదల్లేదు. పైన నాన్న గొంతు వినిపిస్తూనే ఉంది కదా మరి. కొత్తగా చేరిన కాపలావాడు రెండుసార్లు ఆమె ముందునుంచి పోయి, మూడోసారి ఆగాడు.

"ఎవరి పాపవమ్మా నువ్వు?"

"మా నాన్న పాపని."

"అబ్బో. మీ నాన్న ఎక్కడున్నాడు మరి?"

పాప తలపైకెత్తి లౌడ్ స్పీకరు వైపు చూపించింది. "అదిగో, మాట్లాడుతున్నాడు."

కాపలావాడికి అది పిల్లల వేళాకోళంలా తోచింది. "ఆ డబ్బాలో ఉన్నాడా? సరే, ఇక్కడే కూర్చో, పిలిపిస్తాను" అన్నాడు. కౌంటరులోకి వెళ్ళి, రాత్రి డ్యూటీ గుమస్తాకూ పాప ఎవరో తెలియకపోతే, ఫోనెత్తి పైకి కబురు చెప్పాడు, తప్పిపోయిన పిల్ల, ఇలా ఉంది, అలా ఉంది అని.

పైన ఫోనెత్తిన మనిషికి అప్పటికి సీసా అడుగంటింది. బుర్ర ఎటు పోయినా నోరు మాత్రం ఏళ్ళ తరబడి నడిచిన గాడిలోనే నడుస్తుంది. మీట నొక్కాడు.

"విజ్ఞప్తి. నీలం గౌను, రెండు జడలు, ఎర్ర సంచి కలిగిన సుమారు తొమ్మిదేళ్ళ పాప విచారణ కౌంటరు వద్ద ఉన్నది. సంబంధించిన పెద్దలు వెంటనే వచ్చి తీసుకుపోవలసిందిగా కోరుతున్నాము."

పద్ధతి ప్రకారం రెండోసారి కూడా చెప్పాడు. మాట ఎక్కడా తొట్రుపడలేదు. పొద్దున ఆ రెండు జడలూ వేసింది ఆయనే. రిబ్బను ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వస్తే విప్పి మళ్ళీ కట్టింది కూడా ఆయనే.

బెంచీ మీద పాప మొదటిసారి విన్నప్పుడు సంచి భుజానికి తగిలించుకుంది. రెండోసారి విన్నప్పుడు లేచి నిలబడింది. చెప్పాడుగా, ఇక వస్తాడు అనుకుంది. మెట్ల వైపు చూస్తూ నిలబడింది. ఎవరూ రాలేదు. కాసేపటికి గొంతు మళ్ళీ వినిపించింది, కొండవైపు పోయే బస్సు మూడో గేటు దగ్గర ఉందని.

పెద్దవాళ్ళెవరూ రాకపోతే పిల్లల హెల్ప్‌లైన్‌కు చెప్పాలని ఆ బస్టాండులో కట్టుబాటు. అక్కడినుంచి ఒక మేడం వచ్చింది. నడివయసు మనిషి, చేతిలో గొడుగు. కాపలావాడు జరిగిందంతా చెప్పి, "నాన్న ఆ డబ్బాలో ఉన్నాడంటుందండీ" అని నవ్వాడు.

మేడం నవ్వలేదు. "పిల్ల చెప్పిన చోటికి ఎవరైనా వెళ్ళి చూశారా?" అంది.

వెళ్ళి చూశారు. మైకాయన బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. గదంతా వాసన. పాప ఆఖరి మెట్టు దగ్గర ఇనప కమ్మీ పట్టుకుని ఆగిపోయింది, గదిలోకి రాలేదు. ఏడవలేదు కూడా. ఆ పట్టుకున్న చేతిని మేడం వేలు వేలుగా విడదీయాల్సి వచ్చిందట.

పాపను వెంటనే మైకాయన అక్క దగ్గరకు పంపారు. అక్క ఉండేది నది అవతలి ఊళ్ళో. ఆ వారంలోనే మేడం ఆయన్ను పిల్లల ఆఫీసుకు పిలిచింది. ఆ గదిలో అన్నీ పిల్లల కుర్చీలే. మైకాయన మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. అక్క పక్కనే.

"మీ అమ్మాయిని మీ నుంచి లాక్కోవడం మా పని కాదండీ" అంది మేడం. "పెద్దాసుపత్రి వెనక తాగుడు మాన్పించే కేంద్రం ఉంది. దానికి డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ చేరండి. మీరు వస్తున్నారు, మానుతున్నారు అని అక్కడి కౌన్సిలర్ నాతో ఒక్క మాట చెప్తే చాలు. వేసవి సెలవులయ్యేలోగా ఆ మాట వస్తే పాప ఇక్కడి స్కూలుకే వస్తుంది. రాకపోతే మీ అక్కగారి ఊళ్ళో చేర్పించేస్తాం. సరేనా?"

మైకాయన తల ఊపాడు.

"తల ఊపడం కాదండీ. వాళ్ళతో మీరు మాట్లాడాలి. మాట్లాడితేనే పని అవుతుంది."

మళ్ళీ తల ఊపాడు. అక్కకు ఒళ్ళు మండింది. "ఒరేయ్, ఊరంతటికీ వినపడేలా అరిచే నోరు కదరా నీది. ఇక్కడ తాళం వేసుకున్నావేంట్రా?" అంది. ఆయన నేల చూపులు చూశాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని భయం. అదీ ఈయన గొంతుతో చించుకుంటే ఊరందరి కాళ్ళ మీదా పడుతుంది.

ఉద్యోగం పోలేదు. స్టేషన్ మేనేజరు గదిలో నిలబెట్టి తిట్టి, "ఇంకోసారి ఇలా అయితే మైకు తీసి ఇంకొకడికి ఇస్తా" అన్నాడు. తిట్టినందుకు మైకాయనకు బాధ కలగలేదు. తిట్టేటప్పుడు మేనేజరు ఏ మాత్రం ఆశ్చర్యపోకపోవడం మాత్రం ఎందుకో ముల్లులా గుచ్చుకుంది.

ఒక ఉదయం కేంద్రానికి వెళ్ళాడు. పెద్దాసుపత్రి నడవాలోంచే దారి. చీటీలిచ్చే కిటికీ ముందు బారుగా జనం. ఆ కిటికీలోని మనిషికి ప్రతి ఒక్కరి జబ్బూ నలుగురికీ వినపడేలా అడగడం అలవాటు. "మీకేంటి? మూలశంకా? ఆ గది. మీకు? గజ్జా? ఈ గది." ఎవరూ పట్టించుకోవడం లేదు. ఎవరి గోల వాళ్ళది. మైకాయన వంతు వచ్చింది.

"మీకేంటండీ?"

నోరు తెరిచాడు. తాగుడు మానడానికి వచ్చాను అనాలి. మూడే మాటలు. కానీ ఆ మూడు మాటలూ ఆ గొంతుతో అంటే నడవా మొత్తం వెనక్కి తిరుగుతుంది. రోజూ వీళ్ళందరికీ బస్సులు చెప్పే గొంతు అది. ఇక విజ్ఞప్తికీ దానికీ తేడా ఏముంది? నోరు మూసేశాడు. గొంతు మీద వేలు పెట్టి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. ఇక్కడ చెప్పలేను, లోపల చెప్తాను అని ఆయన ఉద్దేశం.

కిటికీ మనిషి మొహం మెత్తబడింది. "అయ్యో, మాట రాదా? పాపం." చీటీ రాసి, ఆయాను పిలిచింది. "ఈయన్ని చెవుల పరీక్షకు తీసుకెళ్ళవే. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళు."

ఆయా చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు కాదని చెప్పాలన్నా నోరు విప్పాలి. తేలు కుట్టిన దొంగలా ఆమె వెంట నడిచాడు.

అదొక చిన్న గది, గదిలో ఇంకో చిన్న గది. గోడలకు పరుపుల్లా ఏదో కుట్టి ఉంది. లోపల కూర్చోబెట్టి చెవులకు డిప్పలు తగిలించారు. అద్దం అవతల ఒక కుర్రడాక్టరు సైగ చేశాడు, చప్పుడు వినపడితే చెయ్యెత్తమని. తలుపు మూశారు.

అంత నిశ్శబ్దం ఆయన ఎప్పుడూ ఎరగడు. ఫ్యాను కిర్రు లేదు, బస్సుల రొద లేదు. ఆ నిశ్శబ్దంలో, ఎక్కడో చాలా దూరంనుంచి, చీమ ఈల వేసినంత చిన్న చప్పుడు. చెయ్యెత్తాడు. అద్దం అవతల కుర్రడాక్టరు తల ఊపాడు. ఇంకా చిన్నది. మళ్ళీ ఎత్తాడు. ఆయన జీవితమంతా చప్పుడు పంపుతూనే ఉన్నాడు, అది చేరిందో లేదో చూసినవాడు లేడు. ఇక్కడ ఎవరో ఒక చప్పుడు పంపి, అది ఈయనకు చేరిందా అని కళ్ళప్పగించి చూస్తున్నారు. అయిపోయిందని డిప్పలు తీసినప్పుడు ఆయనకు లేవబుద్ధి కాలేదు.

సాయంత్రం అక్క ఫోను చేసింది.

"వెళ్ళావురా?"

"వెళ్ళాను."

"ఏమన్నారు?"

"చెవులు బాగున్నాయన్నారు" అన్నాడు.

"నీ ఖర్మ" అని పెట్టేసింది.

ఇంకొక దారి ఉంది. దేశమంతటికీ ఒకటే నంబరు. తాగుడు, మత్తు, మనసు బాగోలేకపోవడం, ఏదైనా ఫోనులోనే చెప్పుకోవచ్చు. పేరు అడగరు, మొహం చూడరు, డబ్బు అడగరు. ఆ నంబరు ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రజల మేలు కోసమని రోజూ పొద్దునా సాయంత్రం మైకులో చదివేది ఆయనే. ఎన్ని ఏళ్ళు చదివాడో, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అది తనకు కూడా అని మాత్రం ఏ రోజూ తోచలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ ఇంట్లో తలుపు గడియ వేసి, కిటికీ మూసి, నంబరు నొక్కాడు.

"నమస్కారమండీ, చెప్పండి" అంది ఒక ఆడగొంతు.

మైకాయన వెన్ను నిటారుగా అయింది. గొంతు దానంతటది సర్దుకుంది.

"విజ్ఞప్తి. నేను తాగుడుకు అలవాటు పడినవాడను. నా భార్య కాలం చేసినది. నా కుమార్తెను తప్పిపోయిన పిల్లగా నేనే ప్రకటించితిని. ఆమెను తిరిగి ఇంటికి తెచ్చుకొనుటకు సహాయము చేయవలసిందిగా కోరుతున్నాను."

"అయ్యో, ఒక్క నిమిషం సార్, మీరు..."

ఆయన ఆగలేదు. ఎప్పుడూ ఆగి ఎరిగుంటేగా. మొత్తం రెండోసారి చెప్పాడు, అక్షరం పొల్లుపోకుండా. చెప్పి, ఫోను పెట్టేశాడు.

గుండెమీంచి బండ దించినట్టయింది. చెప్పేశాడు, ఇక వస్తారు అనుకున్నాడు. ఆ రోజు చూశాడు. మర్నాడు చూశాడు. కింది వాటా పిన్నిగారు, "ఎవరైనా వస్తారా నాయనా? పొద్దస్తమానం గేటు వైపే చూస్తున్నావు" అని ఆరా తీసింది. తల అడ్డంగా ఊపాడు. తన నంబరు వాళ్ళకు కనపడదని, ఊరేదో తను చెప్పలేదని ఆయన బుర్రకు తట్టలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈయన అడిగాడు. అడిగి, ఆమె వడ్డించేలోపే పీట మీంచి లేచిపోయాడు.

ఎవరూ రాలేదు. సొరుగులోని సీసా మాత్రం మళ్ళీ నిండింది.

సెలవులు అయిపోయాయి. ఒక సాయంత్రం పాప ఫోను చేసింది.

"నాన్నా, ఇక్కడి స్కూల్లో గౌను నీలం కాదు. ఆకుపచ్చ."

ఆయన ఊ అన్నాడు.

"అత్త కొత్త సంచి కూడా కొంది. ఎర్రది వద్దన్నాను."

"ఎందుకమ్మా?"

"ఎర్ర సంచి, రెండు జడలు అని నువ్వు చెప్పావుగా నాన్నా. రెండుసార్లు చెప్పావు. నేను రెండుసార్లూ విన్నాను." కాస్త ఆగింది. "ఇప్పుడు ఒక్క జడే వేసుకుంటున్నా."

అక్క వెనకనుంచి పిలిస్తే వెళ్ళిపోయింది. ఆయన ఫోను చెవికి పెట్టుకునే చాలాసేపు కూర్చున్నాడు. కోపగించుకున్నా బాగుండేది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు, బస్సు ఏ గేటు దగ్గరుందో చెప్పినట్టు చెప్పింది. అచ్చం తన గొంతే.

అప్పటికప్పుడు ఆ నంబరు నొక్కాడు. ఈసారి ఇంకెవరో ఎత్తారు, కాస్త పెద్ద వయసు ఆవిడ. ఆయన వెన్ను నిటారుగా చేసుకుని, "విజ్ఞప్తి" అన్నాడో లేదో, ఆవిడ అందుకుంది.

"రెండుసార్లు చెప్పి పెట్టేసే ఆయనేనా మీరు?"

మైకాయన ఫోను ఒక చెవినుంచి ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఆ రోజు మీ ఫోనెత్తిన మా అమ్మాయి చెప్పిందండీ మీ గురించి. ఆ రోజంతా బెంగపెట్టుకుంది, ఊరన్నా అడగలేకపోయానని. చూడండి నాయనా, మీరు ఎంతైనా చెప్పండి. కానీ మధ్యమధ్యలో ఆగండి. ఇవతల నేను కూడా ఉన్నాను కదా."

ఆయన ఆగాడు. ఆగితే ఏం చేయాలో తెలియలేదు. అవతల ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. చెవుల పరీక్ష గదిలో చప్పుడు కోసం చూసినట్టు చూశాడు.

"ఇప్పుడు మీ దగ్గర ఎవరున్నారు?" అంది ఆవిడ.

"ఎవరూ లేరు."

"పాప?"

"మా అక్క దగ్గర." మళ్ళీ ఆగాడు. ఆవిడ తొందరపెట్టలేదు. "తల్లి పోయాక ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరండీ. నాకు మాట్లాడడం రాదు. చెప్పడం ఒకటే వచ్చు."

ఆవిడ చిన్నగా నవ్వింది. "ఇప్పుడు చేస్తున్నదేంటి మరి?"

అలా ఎంతసేపు మాట్లాడాడో ఆయనకు గుర్తులేదు. కేంద్రానికి వెళ్ళమని ఆవిడా అంది. వెళ్ళానని, మూగవాణ్ణయ్యానని, చెవుల పరీక్ష చేయించుకుని వచ్చానని చెప్పాడు. ఆవిడ ఆపుకోలేక నవ్వింది. "క్షమించండి, క్షమించండి" అంటూనే నవ్వింది. ఆశ్చర్యం ఏమిటంటే ఈయనకూ నవ్వొచ్చింది. భార్య పోయాక ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

"అక్కడ గొంతు గుర్తుపడతారండీ" అన్నాడు చివరికి.

"పడితే?"

మైకాయన లేచి కిటికీ రెక్క తెరిచాడు.

"ఊరు చెప్పండి. అక్కడి కౌన్సిలర్‌కు నేనే ఫోన్ చేసి చెప్తాను. కిటికీ దగ్గర ఆగక్కర్లేదు, వెనక గుమ్మంలోంచి నేరుగా వెళ్ళండి. ఎల్లుండి పొద్దున. వెళ్ళి వచ్చాక నాకో, మా అమ్మాయికో చెప్పండి. ఒకసారి చెప్తే చాలు."

వెనక గుమ్మంలోంచి వెళ్ళాడు. ఒక గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. అరడజను మంది. కౌన్సిలర్ ఒక బక్కపల్చని మనిషి, మైకాయనకు కుర్చీ చూపించి, చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే వినండి అన్నాడు. విన్నాడు. ఒకాయన దర్జీ, ఒకాయన పంతులు, ఒకావిడ హోటల్లో పాచిపని. అందరి కథా వేరు, అందరి సీసా ఒకటే. వంతు ఈయన దగ్గరకొచ్చింది.

"నేను..." అన్నాడు. అంతే.

ఎదురు కుర్చీలో ఖాకీ చొక్కా మనిషి చటుక్కున తలెత్తాడు. "బస్టాండు" అన్నాడు.

అనుకున్నంతా అయింది.

"నేను కొండవైపు బండి డ్రైవర్ని" అన్నాడు ఖాకీ చొక్కా. "ఎన్నేళ్ళనుంచో నీ మాట వినే బండి తీస్తున్నా. మొహం ఇవాళే చూడటం. ఇంత బక్కోడివా అన్నా నువ్వు?"

కొందరు నవ్వారు. డ్రైవరు నవ్వలేదు. "నువ్వు తాగుతున్నావని మాకెప్పుడో తెలుసన్నా."

"ఎవరికి?"

"అందరికీ. డ్రైవర్లకి, కండక్టర్లకి, టీ కొట్టాయనకి, మేనేజరుకి. మధ్యాహ్నం దాటాక నీ మాట సాగేది, జీడిపాకం లాగా. 'అదిగో, మైకాయన ఎక్కించాడు' అనుకునేవాళ్ళం. రోజూ నువ్వే కదా మైకులో చెప్తున్నావు."

మైకాయన ఆ గుండ్రంలో అందరి మొహాలూ చూశాడు. సొరుగులో దాచాననుకున్నాడు, టానిక్కు సీసాలో దాచాననుకున్నాడు. బస్టాండు నాలుగు మూలలా, లౌడ్ స్పీకర్లు పెట్టి మరీ దాచాడన్నమాట.

"తెలిస్తే ఒక్కరైనా చెప్పలేదేం?" అన్నాడు. ఆ గొంతు మామూలు గొంతే. పెద్దగా ఏమీ లేదు.

డ్రైవరు టోపీ చేతిలో తిప్పాడు. "ఎలా చెప్పాలన్నా? నువ్వు పైన, మేం కింద. నీ మాట కిందికొస్తుంది కానీ మా మాట పైకి రాదుగా." టోపీ మోకాలి మీద పెట్టి, "అయినా నేనూ సీసా పక్కన పెట్టుకునే బండి తోలేవాణ్ణి. నేనేం మొహంతో చెప్పను?" అన్నాడు.

ఆ రోజు మైకాయన తన కథ చెప్పాడు. ఒకసారే చెప్పాడు. మధ్యలో ఆగాల్సి వచ్చింది. రెండు జడల దగ్గర చాలాసేపు ఆగాడు, ఎవరూ తొందరపెట్టలేదు.

మానడం అనుకున్నంత తేలిక కాలేదు. చేతులు వణికాయి, నిద్ర లేదు, ఒకసారి మళ్ళీ తాగాడు కూడా. ఆ సంగతి హెల్ప్‌లైన్ ఆవిడకు తనే ఫోను చేసి చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. "చెప్పారుగా, రేపు కేంద్రానికి వెళ్ళండి" అంది అంతే. సొరుగులోంచి సీసా పోయింది. దాని చోట ఏముందంటే ఏమీ లేదు. ఇంటికొస్తే ఆ ఖాళీయే ఎదురొచ్చేది. అన్నం ఒక కంచంలోనే వడ్డించుకునేవాడు. పాప కంచం బోర్లించి ఉండేది, దుమ్ము పట్టకుండా అప్పుడప్పుడు కడిగి మళ్ళీ బోర్లించేవాడు.

కౌన్సిలర్ మాట పిల్లల ఆఫీసుకు చేరేసరికి వానాకాలం సగం గడిచింది. మేడం మళ్ళీ పిలిచింది. "ఈ ఏడు చదువు మధ్యలో మార్చలేమండీ. పాప కూడా ఇప్పుడే వద్దంది. ఆమె మాట మేం వినాలి" అంది. వద్దంది అన్న మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "శనివారాలు మొదలుపెడదాం. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోతుంది. ఏడాది చివర్లో పాపనే అడుగుదాం. సరేనా?"

"సరేనండీ" అన్నాడు. నోటితో.

మొదటి శనివారం ముందురోజు, మైకు గదిలో కిటికీ అద్దం మీది తెల్లరంగును బ్లేడుతో గీకాడు. అరచేతి వెడల్పున చోటు తేటపడింది. అందులోంచి బెంచీ కనిపించింది. అన్నేళ్ళూ ఆ బెంచీ పైనుంచి ఎలా ఉంటుందో ఆయన చూడలేదు. చాలా చిన్నది.

శనివారం పొద్దున పాప ఉన్న బస్సు వచ్చిందని ఫోను రాగానే, మైకులో ఒకసారి చెప్పి, రెండోసారి చెప్పే పని ముందే పైకి పిలిపించుకున్న కౌంటరు గుమస్తాకు అప్పగించి, ఇనప మెట్లు దిగాడు. ఒంటి జడ, కొత్త సంచి. పక్కనే అక్క. పాప ఆయన్ను చూసి నవ్వలేదు, దగ్గరకు రాలేదు. సంచి మాత్రం తీసి అందించింది. అదే చాలనుకున్నాడు.

ఇంట్లో మధ్యాహ్నమంతా ఎవరి మూల వాళ్ళు కూర్చున్నారు. అక్క కిందికి పోయి పిన్నిగారితో కబుర్లలో పడింది. ఏం మాట్లాడాలో తోచక, మైకాయన చెవుల పరీక్ష కథ మొదలుపెట్టాడు. ఆయా చెయ్యి పట్టుకుని నడిపించడం, పరుపు గోడలు, చెవి డిప్పలు, చీమ ఈల. పాప మొదట గోడ వైపు చూస్తూ వింది. చీమ ఈల దగ్గర ఇటు తిరిగింది.

"నిజంగా నువ్వు ఏమీ మాట్లాడలేదా నాన్నా?"

"లేదు. చెయ్యెత్తానంతే. వినపడితే చెయ్యెత్తమన్నారు."

"మూగవాళ్ళనుకున్నారా నిన్ను?" అని పక్కున నవ్వింది. అచ్చం తల్లి నవ్వు. మళ్ళీ అంతలోనే సర్దుకుంది. అప్పుడే అంత నవ్వు ఇచ్చేయకూడదని ఏదో గుర్తొచ్చినట్టు.

సాయంత్రం నది అవతలికి పోయే బస్సు దగ్గర దిగబెట్టాడు. పెట్టిన పూట సెలవు అయిపోయింది, సాయంత్రం డ్యూటీ ఆయనదే, పైకి వెళ్ళక తప్పదు. మెట్లెక్కి మీట నొక్కాడు. ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటాడో ఆ బస్సును. ఆ రోజు ఆ మాటలు కొత్తగా, బరువుగా తోచాయి. తన కూతుర్ని తనే పంపుతున్నాడు.

"నది అవతలికి వెళ్ళే బస్సు రెండో గేటు వద్ద బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

మీట వదల్లేదు. రెండోసారి కూడా చెప్పలేదు. గీకిన అద్దంలోంచి కిందికి చూశాడు. బస్సు కిటికీల్లో తలలు, మూటలు, ఎవరి తొందర వాళ్ళది. ఎవరూ పైకి చూడటం లేదు. చూడరు కూడా.

వెనక వరసలో, ఒక కిటికీ చువ్వల మధ్యనుంచి, ఒక చిన్న చెయ్యి నిలువుగా పైకి లేచింది.

అలాగే ఉంది, బస్సు మలుపు తిరిగేదాకా.